కచేరీల జాబితా ఎవరు రాయాలి? సంగీతకారుల చేతిలో పెట్టిన వేసవి పండుగల కథ

ఉగాది వెళ్లి ఎండలు ముదిరాయంటే బెంగళూరులో సంగీతం వినే తెలుగువాళ్ల మధ్య ఒకటే చర్చ. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ పందిట్లో జరిగే రామనవమి సంగీతోత్సవంలో ఈ ఏడు ఎవరెవరు పాడుతున్నారు, శనివారం ఎవరికిచ్చారు, ఆవిడకి వయొలిన్ ఎవరు? వాట్సాప్‌లో ప్రోగ్రాం ఫొటో పడగానే అందరం పేర్ల కోసం వెతుక్కుంటాం. ఆ పేర్లు ఎవరు ఎంచారు, ఆ వరస ఎందుకు, ఈ గాత్రానికి ఆ మృదంగం ఎవరు కలిపారు అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. నాకు ఈ ప్రశ్న చాలా ముఖ్యమనిపిస్తుంది. ఎందుకంటే లండన్‌లోనూ కాలిఫోర్నియాలోనూ కొన్ని వేసవి పండుగలు ఏళ్ల తరబడి ఆ ఎంపికను ప్రతి ఏడాదీ ఒక సంగీతకారుడికో సంగీతకారిణికో అప్పజెబుతున్నాయి. దానివల్ల ఏం మారింది, ఏం మారలేదు, డబ్బు ఎవరు పెడుతున్నారు, మన దగ్గర అది కుదురుతుందా అన్నది చిక్కుముడిలా ఉంటుంది. ఒక్కో ముడీ విప్పుకుంటూ పోదాం.

ముందు మామూలుగా పెద్ద సంగీతోత్సవాలు ఎలా తయారవుతాయో చూడాలి. నిర్వాహకుల దగ్గర కొంత బడ్జెట్, కొన్ని తేదీలు ఉంటాయి. టికెట్లు తెగాలన్నా, స్పాన్సర్ చెక్కు రాయాలన్నా పోస్టర్ మీద పెద్ద అక్షరాలతో వేయడానికి రెండు మూడు పేర్లు కావాలి, డబ్బులో పెద్ద వాటా వాటికే పోతుంది. మిగిలిన ఖాళీలు నింపడంలో ఏజెంట్ల మాట నడుస్తుంది. మీకు ఆ పెద్దాయన కావాలంటే మా దగ్గరున్న ఈ కొత్తవాళ్లకు కూడా మధ్యాహ్నం పూట చోటివ్వండి అంటారు. పాశ్చాత్య దేశాల్లో అయితే ఈ పండుగలో పాడేవాళ్లు దానికి ముందూ వెనకా కొన్ని వారాల పాటు చుట్టుపక్కల ఊళ్లలో పాడకూడదనే షరతు కూడా ఒప్పందాల్లో తరచూ ఉంటుంది. ఇదంతా వ్యాపారం, ఇందులో పాపమేమీ లేదు. కాకపోతే ఇలా తయారైన జాబితాను పట్టుకుని, ఈయన తర్వాత ఆవిడ ఎందుకు అని అడిగితే సంగీతపరంగా జవాబు దొరకదు. ఆ రోజు ఆవిడకి వీలైంది, అంతే.

ఇప్పుడు లండన్ సంగతి. థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డున సౌత్‌బ్యాంక్ సెంటర్ అనే కళాకేంద్రం ఉంది. 1951లో తెరిచిన రాయల్ ఫెస్టివల్ హాల్ అందులో పెద్దది, రెండున్నర వేలకు పైగా సీట్లు. పక్కనే 1967 నాటి క్వీన్ ఎలిజబెత్ హాల్, ఇంకా చిన్నదైన పర్సెల్ రూమ్. 1993లో ఈ కేంద్రం మెల్ట్‌డౌన్ అనే పండుగ మొదలుపెట్టింది, సాధారణంగా జూన్‌లో జరుగుతుంది. దాని నియమం చాలా చిన్నది. ఏడాదికి ఒక కళాకారుణ్ణి పిలిచి, ఈ హాళ్లు ఇన్ని రోజులు నీవి, ఇందులో ఎవరు పాడాలో నువ్వు చెప్పు అంటారు. మొదటి ఏడు స్వరకర్త జార్జ్ బెంజమిన్ వంతు. 1997లో లారీ ఆండర్సన్, 1999లో నిక్ కేవ్, 2002లో డేవిడ్ బౌవీ, 2003లో జమైకాకు చెందిన లీ స్క్రాచ్ పెర్రీ, 2009లో జాజ్ శాక్సొఫోన్ దిగ్గజం ఆర్నెట్ కోల్‌మన్, 2013లో ఎనభయ్యేళ్ల యోకో ఓనో, 2017లో శ్రీలంక తమిళ కుటుంబం నుంచి వచ్చిన ఎం.ఐ.ఎ., 2024లో చాకా ఖాన్, 2025లో లిటిల్ సిమ్జ్. ఈ పేర్లలో సగం మీరు విని ఉండకపోవచ్చు, ఫరవాలేదు. వీళ్లలో ఏ ఇద్దరి సంగీతమూ ఒకలాంటిది కాదన్నది గమనిస్తే చాలు. పండుగ పేరు మారలేదు, హాళ్లు మారలేదు, చెవి మాత్రం ఏడాదికోసారి మారుతోంది.

దీనివల్ల ఏం జరుగుతుందో చెప్పే కథలు చాలా ఉన్నాయి, నాకు ఇష్టమైనవి రెండు. 1999లో నిక్ కేవ్ తన పండుగకు అమెరికన్ గాయని నీనా సిమోన్‌ను పిలిచాడు. అప్పటికి ఆవిడకు అరవై ఆరేళ్లు, నడక కష్టంగా ఉంది. పియానో దగ్గర కూర్చుని, నములుతున్న చూయింగ్ గమ్ తీసి పియానోకు అంటించి, పాట మొదలుపెట్టింది. కచేరీ అయ్యాక నిక్ కేవ్ బృందంలో వయొలిన్ వాయించే వారెన్ ఎలిస్ వేదిక ఎక్కి ఆ గమ్‌ను ఆవిడ చెమట తుడుచుకున్న టవల్లో చుట్టి ఇంటికి పట్టుకెళ్లాడు. ఏళ్ల తరబడి అలాగే దాచుకున్నాడు, తర్వాత దాన్ని మ్యూజియం వస్తువులా ప్రదర్శనకు కూడా పెట్టారు. వినడానికి వింతగా ఉంటుంది గానీ మన దగ్గర పెద్ద విద్వాంసుల తంబూరానూ పాదరక్షలనూ ఎలా చూస్తామో తలచుకుంటే అంత వింతేమీ కాదు. ఆ సాయంత్రం ఆవిడను అక్కడికి రప్పించిన చేతులు అలాంటి భక్తుల చేతులు.

రెండోది 2004లో ఇంగ్లిష్ పాటగాడు మోరిసీ వంతు వచ్చినప్పటిది. టీనేజ్‌లో అతను న్యూయార్క్ డాల్స్ అనే అమెరికన్ బృందానికి ఇంగ్లండ్‌లో అభిమాన సంఘం నడిపినవాడు. ఆ బృందం విడిపోయి దశాబ్దాలు గడిచింది, కొందరు చనిపోయారు కూడా. మిగిలినవాళ్లను అతను పిలిచాడు, వాళ్లు వచ్చి వాయించారు. బేస్ గిటార్ వాయించిన ఆర్థర్ కేన్ ఆ తర్వాత కొద్ది వారాలకే జులైలో చనిపోయాడు. ఏజెంట్ లెక్కలో ఆ బృందం అసలు అమ్మకానికే లేదు, అడిగే కారణమే ఎవరికీ లేదు. ఒక పాటగాడు కుర్రతనంలో పడిన ఋణం తీర్చుకోవాలనుకున్నాడు కాబట్టి అది జరిగింది.

సంగీతకారుడు ఎంచడం అంటే అసలు సంగతి ఇదేనని నా అభిప్రాయం. మంచి అభిరుచి ఉన్న నిర్వాహకులు కూడా ఉంటారు, వాళ్లలో కొందరు సంగీతకారుల కన్నా ఎక్కువ వింటారు. తేడా అభిరుచిలో లేదు. పాడేవాడికి తాను ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నాడో, ఎవరిని విని దారి మార్చుకున్నాడో, తన కన్నా బాగా పాడి కూడా ఎవరు మరుగున పడ్డారో తెలుసు. ఫోన్ చేసి అడిగితే అవతలివాళ్లు కాదనలేరు కూడా. పైగా తన పేరు మీద పండుగ జరుగుతోంది కాబట్టి తానూ ఏదో ఒకటి పెద్దది చేయాలి. 2005లో పట్టీ స్మిత్ ముప్పై ఏళ్ల నాటి తన తొలి ఆల్బంను మొదటి నుంచి చివరి దాకా వేదిక మీద పాడింది. 2002లో బౌవీ పాతదీ కొత్తదీ రెండు ఆల్బంలు పూర్తిగా పాడి పండుగ ముగించాడు. మామూలు టూర్‌లో ఇవి జరగవు.

ఇంతకీ పని ఎలా సాగుతుంది? క్యూరేటర్, అంటే ఆ ఏడు ఎంపిక చేసే కళాకారుడు, ఒక కోరికల జాబితా ఇస్తారు. సౌత్‌బ్యాంక్‌లో ఏడాదంతా ఉద్యోగం చేసే ప్రోగ్రాం బృందం దాన్ని పట్టుకుని బయల్దేరుతుంది. ఫోన్లు, ఒప్పందాలు, వీసాలు, విమానాలు, హోటళ్లు, ఏ హాలు ఎవరికి సరిపోతుందన్న లెక్క, అన్నీ వాళ్ల పని. కోరిన వాళ్లందరూ రారు. ఒకరికి రికార్డింగ్, ఒకరికి ఆరోగ్యం, ఒకరు అడిగే మొత్తానికి బడ్జెట్ చాలదు. జూన్‌లో పెట్టడంలో ఒక తెలివి ఉంది, యూరప్ వేసవి పండుగలన్నీ ఆ చుట్టుపక్కలే కాబట్టి అమెరికా వాళ్లు ఎలాగూ ఇటువైపు వచ్చి ఉంటారు, ఒక సాయంత్రం లండన్‌కు మళ్లించడం తేలిక. క్యూరేటర్ నిజంగా ఎంత లోతుగా దిగారన్నది మనిషిని బట్టి ఉంటుంది. కొందరు ప్రతి పేరూ తామే రాస్తారు, కొందరు దిశ చెప్పి వదిలేస్తారు. అందుకని పోస్టర్ మీద ఒక పెద్ద పేరు చూసి అంతా ఆయన చేతి చలవే అనుకోవడమూ సరికాదు, అంతా పేరు కోసం వేసిన వేషం అనుకోవడమూ సరికాదు.

అసలు ముడి డబ్బు దగ్గర ఉంది, కాస్త నిదానంగా చూద్దాం. సౌత్‌బ్యాంక్ సెంటర్‌కు ప్రభుత్వ సొమ్ము అందుతుంది, ఆర్ట్స్ కౌన్సిల్ ఇంగ్లండ్ ద్వారా. హాళ్లు దానివే, సౌండ్ మనుషులు దాని సిబ్బందే, టికెట్ కౌంటర్ దానిదే. ఒక సాయంత్రం సగం హాలు ఖాళీగా ఉంటే ఆ నష్టం కేంద్రం పద్దులో పడుతుంది గానీ, ఆ కళాకారుణ్ణి కోరిన క్యూరేటర్ జేబులోంచి పోదు. కాబట్టి అతను ధైర్యంగా అడగగలడు. ఎవరికీ తెలియని పేరు రాయగలడు.

ఈ ఏర్పాటు లేకుండా ఇదే పని చేయబోయినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లోనే ఆల్ టుమారోస్ పార్టీస్ అనే పండుగ ఉండేది. వేసవిది కాదు గానీ ఎంపిక పద్ధతి ఇదే. 1999లో బెల్ అండ్ సెబాస్టియన్ బృందం సముద్రం పక్కన ఒక పాత హాలిడే క్యాంప్‌లో పెట్టిన వారాంతపు పండుగ దీనికి మూలం, ఆ మరుసటి ఏడు మోగ్వాయ్ బృందం ఎంపిక చేసింది. శ్రోతలూ కళాకారులూ అవే చిన్న చిన్న కాటేజీల్లో ఉండేవాళ్లు. స్పాన్సర్ల బ్యానర్లు ఉండేవి కావు. సంగీతం వినేవాళ్లు దాన్ని ప్రాణంగా చూసుకున్నారు. కానీ వెనక ఉన్నది ఒక చిన్న కంపెనీ. 2012లో ఒకసారి దివాలా తీసింది, మళ్లీ లేచింది, 2016లో పూర్తిగా మూతపడింది. చివరి రోజుల్లో రద్దయిన పండుగలకు టికెట్లు కొన్నవాళ్లు, హోటళ్లు బుక్ చేసుకున్నవాళ్లు నష్టపోయారు. ఎంపికలో తేడా ఏమీ రాలేదు, చివరి దాకా అద్భుతంగానే ఉంది. నష్టం మోసే భుజం బలంగా లేదు.

అంటే ఇందులో రెండు పనులున్నాయి. ఎవరు పాడాలో తేల్చే పని ఒకటి, తేడా వస్తే నష్టం భరించే పని ఇంకొకటి. రెండూ ఒకరి చేతిలోనే ఉంటే ఎక్కడో ఒకచోట దెబ్బ తింటుంది. నష్టం భరించేవాడే ఎంచితే భయం భయంగా ఎంచుతాడు, నిరుడు హాలు నింపిన పేర్లే ఈ ఏడూ వస్తాయి. ఎంచేవాడే నష్టం కూడా భరించాల్సి వస్తే నాలుగేళ్లలో ఇల్లు అమ్ముకుంటాడు. మెల్ట్‌డౌన్ ముప్పై ఏళ్లు దాటి నడుస్తోందంటే ఈ రెంటినీ విడదీసినందుకే.

కాలిఫోర్నియాలో ఇంకో పండుగ ఉంది, ఓహాయ్‌లో. ఈ ఊరి పేరు మనవాళ్లకు కొత్త కాదు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఎన్నో ఏళ్లు ఉన్నదీ, 1986లో కన్నుమూసిందీ అక్కడే. ఆ చిన్న లోయలో 1947 నుంచీ ఓహాయ్ మ్యూజిక్ ఫెస్టివల్ జరుగుతోంది, జూన్‌లో కొద్ది రోజులు, లిబీ బౌల్ అనే ఆరుబయలు వేదిక మీద, చుట్టూ చెట్లు, పక్షులు కూడా తమ వంతు పాడేస్తుంటాయి. అక్కడ కళాదర్శకుడు కొన్నేళ్ల పాటు కొనసాగుతారు, సంగీత దర్శకుడు మాత్రం ఏడాదికొకరు. స్ట్రావిన్‌స్కీ, కోప్లాండ్ వంటి స్వరకర్తలు ఆ పని చేశారు, పియర్ బులెజ్ ఏడుసార్లు చేశాడు. 2017లో విజయ్ అయ్యర్, అమెరికాలో పుట్టి పెరిగిన తమిళ కుటుంబం పిల్లవాడు, జాజ్ పియానో. మెల్ట్‌డౌన్‌తో పోలిస్తే ఇది చిన్నది, కానీ ఇక్కడ స్థిరంగా ఉండే మనిషికీ మారే మనిషికీ మధ్య సంభాషణ ఎక్కువ. పాతవాడికి ఊరు తెలుసు, శ్రోతలు తెలుసు, కొత్తవాడికి తన పిచ్చి తెలుసు.

ఇంగ్లిష్ స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ 1948లో తన ఊళ్లో మొదలుపెట్టిన ఆల్డెబరో పండుగ కూడా జూన్‌దే, అయితే అది ఏడాదికొకరిది కాదు, ఆయన బతికున్నంత కాలం ఆయనదే. రష్యా నుంచి రోస్త్రపోవిచ్, రిక్టర్ వంటి మహామహులు ఆ పల్లెకు వచ్చి వాయించారంటే అది పూర్తిగా బ్రిటన్ స్నేహం. 1967లో కట్టుకున్న హాలు 1969లో పండుగ మొదలైన రాత్రే కాలిపోతే ఏడాదిలో మళ్లీ కట్టించుకున్నారు. అంత పట్టుదల సొంత పండుగ మీదే ఉంటుంది, ఏడాదికి అతిథిగా వచ్చేవాడికి ఉండదు. ఈ మాట ఒప్పుకోవాలి.

ఇక మన సంగతి. ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో రామనవమి సంగీతోత్సవం శ్రీ రామసేవా మండలి వాళ్లది, 1939లో ఎస్.వి. నారాయణస్వామి రావు మొదలుపెట్టారు. చెన్నైకి డిసెంబరు ఎలాగో బెంగళూరుకు చైత్రం అలా అయిందంటే ఈ పందిరి వల్లే. పానకం, కోసంబరి (మన వడపప్పే, కాస్త కొబ్బరీ మామిడీ ఎక్కువ), పైన రేకుల మీద అప్పుడప్పుడూ మామిడి వాన, ఆ చప్పుడులో కూడా ఆలాపన ఆపని గాయకులు. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి నుంచి బిస్మిల్లా ఖాన్ దాకా ఇక్కడ పాడినవాళ్లూ వాయించినవాళ్లే. దీన్ని నడిపింది సంగీతాన్ని ప్రేమించిన నిర్వాహకులు, వృత్తి గాయకులు కాదు. మన సభల కథ దాదాపు అంతా ఇదే. 1905 నాటి బెంగళూరు గాయన సమాజమైనా, 1927 మద్రాసు కాంగ్రెస్ సమావేశాల సందర్భంగా జరిగిన సంగీత సదస్సు నుంచి పుట్టిన మ్యూజిక్ అకాడెమీ అయినా సభ్యులు, కమిటీలు, విరాళాలు. వాళ్లు లేకపోతే ఈ సంగీతం రాజుల దర్బారులతోపాటే సగం పోయేది. ఈ కృతజ్ఞత మనసులో పెట్టుకునే మిగతాది రాస్తున్నాను.

అలాగని మన సంగీతకారులకు కూర్పు తెలియదా అంటే, మన కచేరీని కూర్చిందే ఒక గాయకుడు. వర్ణంతో మొదలుపెట్టి, చిన్న చిన్న కృతులు పాడి, మధ్యలో ఒక పెద్ద రాగం తీసుకుని, తనియావర్తనం (గాయకులు ఆగి, మృదంగం వంటి తాళవాద్యాలే వాయించే భాగం, క్లుప్తంగా తని), ఆపైన తేలికపాటి పదాలు జావళీలు, ఇలా ఈ రోజు మనం వినే అమరికకు రూపం ఇచ్చింది అరియకుడి రామానుజ అయ్యంగార్ అని చెబుతారు. హాళ్లు పెద్దవై, మైకులు లేని కాలంలో వయొలిన్ వెనక వరసలకు వినబడటం లేదని ఏడు తీగల వయొలిన్ తయారుచేసుకున్నది మైసూరు చౌడయ్య. మల్లేశ్వరంలో వయొలిన్ ఆకారంలో ఉన్న హాలు ఆయన పేరు మీదే. విజయవాడ రేడియో స్టేషన్‌లో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివాళ్లు పనిచేసిన రోజుల్లో పొద్దున్నే వచ్చిన భక్తిరంజని తెలుగిళ్లలో ఎంత నాటుకుందో చెప్పక్కర్లేదు. అది కూడా సంగీతం తెలిసినవాళ్లు కూర్చిన కార్యక్రమమే, నష్టం భరించింది ఆకాశవాణి. నేను పైన చెప్పిన రెండు పనుల విభజన మనకు అలా ఎప్పుడో అనుభవంలో ఉంది. 2008లో చెన్నైలో టి.ఎం. కృష్ణ, బొంబాయి జయశ్రీ కలిసి విద్యార్థుల కోసం మొదలుపెట్టిన స్వానుభవ కూడా సంగీతకారులు ఎంచిన పండుగే.

కానీ సంగీతకారుల చేతిలో పెడితే గొడవలుండవని ఎవరైనా అనుకుంటే తిరువయ్యారు చరిత్ర చదవాలి. త్యాగరాజ ఆరాధనను నడిపింది విద్వాంసులే. పెద్ద కట్చి, చిన్న కట్చి అని రెండు వర్గాలై వేరు వేరుగా జరుపుకున్నారు. సమాధి ముందు ఆడవాళ్లు పాడకూడదన్నారు. 1920లలో తన సొమ్ము పెట్టి అక్కడ గుడి కట్టించిన బెంగళూరు నాగరత్నమ్మకే పాడే హక్కు లేదు. ఆవిడ ఊరుకోలేదు, మహిళలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపింది. 1940 ప్రాంతంలో గానీ అందరూ ఒక్కటి కాలేదు. పాడేవాళ్లు ఎంచితే న్యాయంగా ఎంచుతారని హామీ ఏమీ లేదు, వాళ్లకూ వర్గాలుంటాయి, వాళ్లకూ కులాలుంటాయి, గురువులుంటారు, అల్లుళ్లుంటారు.

కర్ణాటక సంగీతంలో ఈ చిక్కు మరీ ఎక్కువ, ఎందుకంటే ఈ లోకం చిన్నది. లండన్‌లో రాక్ గాయకుడు జాజ్ వాద్యకారుణ్ణి పిలిస్తే ఇద్దరికీ పోటీ లేదు. ఇక్కడ ఒక గాయని పండుగకు ఎంపిక చేయాలంటే ఆవిడ పిలవాల్సినవాళ్లూ వదిలేయాల్సినవాళ్లూ అవే సభల్లో అవే సాయంత్రాల కోసం ఆవిడతో పోటీపడేవాళ్లే. ఒకరికి శనివారం ఇచ్చి ఒకరికి మంగళవారం మధ్యాహ్నం ఇస్తే అది పదేళ్లు గుర్తుంటుంది. నువ్వు నా శిష్యుణ్ణి పిలు, నేను నీ శిష్యురాలిని పిలుస్తాను అనే ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలవుతాయి. విదేశీ పండుగలకు పిలుపులు సంపాదించిపెట్టేవాళ్లకు మొహమాటాలు ఇంకా ఎక్కువ. మెల్ట్‌డౌన్ వాళ్లు దీనికి పట్టుకున్న మందు పదవీకాలం. ఒక్క ఏడు, ఆ తర్వాత ఇంకొకరు. మొహమాటం ముదిరి బాకీగా మారేలోపు మనిషి మారిపోతాడు.

మన దగ్గర దానికి తోడు ఇంకోటి కూడా కావాలనిపిస్తుంది. ఎంపిక పనికి పక్కవాద్యం వాళ్లను పిలవాలి. ఇది నేను చాలా కాలంగా తలపోస్తున్న మాట, గట్టిగానే చెబుతాను. మృదంగం వాయించే ఒక సీనియర్ విద్వాంసుణ్ణి తీసుకోండి. ఆయన ముప్పై నలభై ఏళ్లుగా దాదాపు అందరు గాయకుల పక్కనా కూర్చున్నాడు. ఎవరు రాత్రి రైల్లో సాధన చేస్తారు, ఎవరు వయొలిన్‌కు చాలినంత సమయం ఇస్తారు, ఎవరు తనికి పదిహేను నిమిషాలిస్తామని చెప్పి గడియారం చూపిస్తారు, ఏ చిన్న ఊళ్లో ఏ అమ్మాయి తోడి రాగం విని తన చేతులు ఆగిపోయాయి, ఆయనకన్నా ఎవరికి తెలుసు? గాయకులతో ఆయనకు పోటీ లేదు. పేరు పోస్టర్ మీద చిన్నక్షరాల్లో వేయించుకునే మనిషి కాబట్టి చిన్నక్షరాల వాళ్ల విలువ తెలుసు. మృదంగాల మధ్య పోటీ ఉండదా అంటే ఉంటుంది, కానీ ఒక ఏడు మృదంగం, మరో ఏడు వయొలిన్, ఇంకో ఏడు వీణ అని తిప్పితే అదీ సర్దుకుంటుంది.

ఇలాంటి మనిషి ఎంచితే పేర్లే కాదు, ఏర్పాట్లు కూడా మారతాయి. కచేరీ మొదలయ్యే ముందు వేదిక దగ్గరగా కూర్చుని చూడండి. మృదంగం ఎడమవైపు తడిపిన రవ్వ ముద్ద వేలితో మెత్తుతూ, కుడివైపు అంచు మీద రాయితో కొట్టి శ్రుతి చేసుకుంటుంటారు. బయట ఎండలో సరిచేసుకున్న శ్రుతి ఏసీ హాల్లోకి రాగానే కదిలిపోతుంది, పందిట్లో వాన పడితే ఇంకోలా కదులుతుంది. అయిదు నిమిషాలు కావాలి. కానీ ముందు కచేరీ ఆలస్యమైంది, వక్తలు మాట్లాడారు, సన్మానం జరిగింది, ఇక ఆ అయిదు నిమిషాలే కోసేస్తారు. వర్ణం సగం దాకా గాయని వేలు పైకి చూపిస్తూ మైక్ అన్నను బతిమాలుతూనే ఉంటుంది, ఘటం మైకు ఎవరో ఆన్ చేయడం మరిచిపోతారు. పాల్‌ఘాట్ మణి అయ్యర్ అసలు మైకే వద్దని పట్టుబట్టిన రోజులున్నాయి. సౌండ్ చెక్‌కు పావుగంట ప్రోగ్రాంలోనే రాయడం, సన్మానాలన్నీ ఒక్క రోజుకు చేర్చడం, రెండు కచేరీల మధ్య అరగంట ఖాళీ పెట్టడం పెద్ద ఖర్చుతో కూడినవి కావు. వేదిక మీద కూర్చున్నవాడికి ఇవి మొదట గుర్తొస్తాయి, కమిటీ గదిలో కూర్చున్నవాళ్లకు చివరికి గుర్తొస్తాయి. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల తలనొప్పులు వాళ్లవి.

మరి బెంగళూరులో ఎలా మొదలుపెట్టాలి? నెల రోజుల ఉత్సవాన్ని ఒకరి చేతిలో పెట్టమని ఎవరూ అడగక్కర్లేదు, అడిగినా ఇవ్వకూడదు. ఇరవై ముప్పై సాయంత్రాలున్న చోట మూడు చాలు. ఏ సభ అయినా ఫరవాలేదు, వయాలికావల్‌లోని తెలుగు విజ్ఞాన సమితి వంటి చోటయినా సరే. ఒక విద్వాంసుడికి మూడు సాయంత్రాలు, ఇంత మొత్తం అని ముందే చెప్పి, ఆ మూడింటి నష్టం సభదేనని కాగితం మీద రాసివ్వాలి. మిగతా రోజుల్లో నిండే హాళ్లు ఆ మూడింటినీ మోయగలవు. షరతులు రెండు చాలు. తన ఇంటివాళ్లనూ సొంత శిష్యులనూ పెట్టుకోకూడదు, ఎవరిని ఎందుకు పిలిచారో అరపేజీ రాసి ప్రోగ్రాం కాగితంలో వేయించాలి.

నాకు వినాలని ఉన్న సాయంత్రం ఒకటి చెబుతాను, ఇది బెంగళూరులోనే కుదిరేది కాబట్టి. మైసూరు ఆస్థానంలో పుట్టిన తెలుగు కీర్తనలు. చిత్తూరు ప్రాంతం నుంచి వెళ్లి మైసూరులో స్థిరపడిన సదాశివరావు తెలుగులో రాశారు. మైసూరు వాసుదేవాచార్య కన్నడ దేశంలో పుట్టి తెలుగులోనూ సంస్కృతంలోనూ రాశారు, ఆయన ఖమాస్ కీర్తన బ్రోచేవారెవరురా త్యాగరాజుదే అనుకునే తెలుగువాళ్లు కోకొల్లలు. త్యాగరాజు శిష్యుడు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్, ఆయన దగ్గర తిరువయ్యారులో నేర్చుకుని మైసూరు తిరిగొచ్చినవారు వాసుదేవాచార్య. అంటే ఆ తెలుగు కావేరి ఒడ్డు నుంచి నేరుగా ఈ నేల మీదికి నడిచొచ్చింది. దీన్ని ఒక కన్నడ గాయని, ఒక తెలుగు గాయకుడు చెరో గంట పాడి, మధ్యలో ఒక వైణికుడు ఆ పరంపర గురించి వాయిస్తూ చెబితే, జయనగర్ నుంచీ మారతహళ్లి నుంచీ జనం ట్రాఫిక్ ఈదుకుంటూ వస్తారని నా నమ్మకం. పెద్ద స్టార్ పేరు లేకపోయినా వస్తారు. అయితే ఈ ఆలోచన కమిటీకి తట్టడానికి ఒక పాత కృతి పుస్తకం తిరగేసే మనిషి కావాలి, ఆ మనిషికి మూడు సాయంత్రాల అధికారం కావాలి.

రెండో సాయంత్రం పూర్తిగా పక్కవాద్యాలకు ఇవ్వొచ్చు, తని చివర్లో కాకుండా మొదట్లో, జనం లేచి కాఫీకి వెళ్లకముందే. మూడోది ఆ విద్వాంసుడి ఇష్టం, అదేమిటో ముందుగా మనం చెప్పకూడదు.

చైత్రం ప్రోగ్రాంలు ఉగాదికి నెలల ముందే తయారవుతాయి. కమిటీల్లో మీకు తెలిసినవాళ్లుంటే దీపావళి లోపు ఈ మాట చెవిన వేయండి, సంక్రాంతి తర్వాత అడిగితే అప్పటికే తేదీలన్నీ ఎవరో ఒకరికి ఇచ్చేసి ఉంటారు.